ఉపాధ్యాయ పట్టాకు అప్పు.. తీర్చే దారేది?

* సర్కారు కొలువు వేతనం చూసి రుణం చేస్తున్న కుటుంబాలు
* ప్రైవేటు బడి జీతంతో లెక్క వేస్తేనే తేలే వాస్తవం
* డీఎడ్‌, బీఎడ్‌లలో చేరకముందే తేల్చుకోవాల్సిన అంశాలు

మచిలీపట్నం: డిగ్రీ పూర్తి కాగానే బీఎడ్‌లో చేరడం, ఆపై డీఎస్సీకి సిద్ధం కావడం తెలుగునాట ఎన్నో కుటుంబాలకు భద్రమైన బాటగా కనిపిస్తూ వచ్చింది. పంతులు ఉద్యోగమంటే ఊళ్లో మర్యాద, నెల తిరిగేసరికి జీతం, పెళ్లి సంబంధాల్లో విలువ. అందుకే చిన్న రైతులు, కౌలుదారులు, చేతివృత్తులవారు సైతం పిల్లల ఉపాధ్యాయ శిక్షణ కోసం అప్పు చేయడానికి వెనుకాడరు. ఆ అప్పును ఏ ఆదాయంతో తీర్చాలన్న ప్రశ్న మాత్రం కోర్సు ముగిసి, వడ్డీ పెరిగిన తర్వాతే చాలా ఇళ్లలో చర్చకు వస్తోంది. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసే రోజునే ఈ లెక్క వేసుకుంటే ఎన్నో కుటుంబాలు కుదుటపడతాయి.

ఒకే పట్టా.. రెండు జీతాలు

ఉపాధ్యాయ పట్టా విలువను సాధారణంగా ప్రభుత్వ వేతన శ్రేణితో కొలుస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం సెకండరీ గ్రేడ్‌ టీచర్‌ (ఎస్‌జీటీ) శ్రేణి రూ.32,670 మూల వేతనంతోను, స్కూల్‌ అసిస్టెంట్‌ శ్రేణి రూ.44,570 మూల వేతనంతోను ఆరంభమవుతాయి. తెలంగాణలో 2020 వేతన సవరణ మేరకు ఈ మొత్తాలు వరుసగా రూ.31,040, రూ.42,300. కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం వీటికి అదనం. 2004 సెప్టెంబరు 1 తర్వాత నియమితులైనవారికి పాత పింఛను విధానం వర్తించదు. కంట్రిబ్యూటరీ పింఛను పథకం కింద జీతంలో 10 శాతం కోత పడుతుంది. అయినా గ్రామీణ కుటుంబానికి ఇది నిలకడైన, గణనీయమైన ఆదాయమే.

అదే పట్టాతో ప్రైవేటు పాఠశాలలో చేరినవారి పరిస్థితి పూర్తిగా వేరు. పట్టణాల్లోని పేరున్న విద్యాసంస్థలను మినహాయిస్తే మండల కేంద్రాల్లోని చిన్న బడుల్లో జీతాలు స్వల్పం. వేసవి సెలవుల్లో జీతం ఇవ్వని యాజమాన్యాలూ ఉన్నాయి. ఉదాహరణకు నెలకు రూ.12 వేల చొప్పున పది నెలలు మాత్రమే జీతం అందుతుందనుకుంటే ఏడాదికి చేతికి వచ్చేది రూ.1.20 లక్షలు. స్కూల్‌ అసిస్టెంట్‌ తొలి మూల వేతనమే ఏడాదికి రూ.5.34 లక్షలు దాటుతుంది. ఒకే కళాశాలలో, ఒకే బెంచీపై కూర్చుని చదివిన ఇద్దరి ఆదాయాల నడుమ నాలుగు రెట్లకు మించిన తేడా ఉంటుందన్న మాట. అప్పు ఇచ్చినవాడికి ఈ తేడాతో నిమిత్తం లేదు. అతడికి ఇద్దరూ ఒకే వడ్డీ చెల్లించాలి.

డీఎస్సీల నడుమ ఏళ్ల ఎడం

ప్రభుత్వ కొలువు ఎంతమందికి దక్కుతుందన్నది మొదటి ప్రశ్న అయితే, ఎప్పుడు దక్కుతుందన్నది రెండో ప్రశ్న. అప్పు లెక్కలో రెండోదే కీలకం.

ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరులో డీఎస్సీ ప్రకటన వెలువడింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో ఇచ్చిన ప్రకటన ఆ ఏడాదే రద్దయింది. చివరికి 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన 2025 ఏప్రిల్‌ 20న వచ్చింది. అంటే రెండు పూర్తిస్థాయి నియామకాల మధ్య ఆరున్నరేళ్ల విరామం. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు ప్రకటన ఇచ్చిన తర్వాత 2023లో వచ్చిన 5,089 పోస్టుల ప్రకటన రద్దయింది. దాని స్థానంలో 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్త ప్రకటన జారీ అయింది. అక్కడా ఆరేళ్లకు పైగానే ఎదురుచూపు.

2019లో బీఎడ్‌ ముగించిన అభ్యర్థికి సొంత రాష్ట్రంలో తొలి పూర్తిస్థాయి అవకాశం 2025లో గాని రాలేదు. ఈ ఆరేళ్లూ అప్పు మీద వడ్డీ మాత్రం ఆగలేదు. ఇకపై ఏటా డీఎస్సీ నిర్వహిస్తామని ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం చెబుతోంది. అది ఆచరణలోకి వస్తే అభ్యర్థులకు మేలే. అంతవరకు గత పదేళ్ల అనుభవాన్నే ప్రాతిపదికగా తీసుకోవడం వివేకం.

2025 మెగా డీఎస్సీకి 3.3 లక్షల మందికి పైగా అభ్యర్థులు పోటీపడ్డారు. సగటున ఒక్కో పోస్టుకు 20 మంది. ఈ సగటు ఎవరికీ నేరుగా వర్తించదు. డీఎస్సీ పోస్టులు జిల్లాల వారీగా, సబ్జెక్టుల వారీగా, రిజర్వేషన్‌ రోస్టరు వారీగా విడిపోతాయి. ఒక జిల్లాలో గణితానికి పదుల సంఖ్యలో ఖాళీలుంటే, జీవశాస్త్రానికో సాంఘిక శాస్త్రానికో వేళ్లపై లెక్కించేటన్నే ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పోస్టుల్లో 80 శాతం స్థానిక అభ్యర్థులకే కేటాయిస్తారు. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత ఇది 95 శాతానికి చేరింది. కాబట్టి అభ్యర్థి చూసుకోవాల్సింది రాష్ట్రంలోని మొత్తం పోస్టులను కాదు. సొంత జిల్లాలో, సొంత సబ్జెక్టులో, సొంత కేటగిరీలో గత రెండు ప్రకటనల్లో ఎన్ని పోస్టులున్నాయో చూడాలి.

సుప్రీం తీర్పుతో మారిన సమీకరణ

బీఎడ్‌ పూర్తి చేసినవారు ఇటు స్కూల్‌ అసిస్టెంట్‌కు, అటు ఎస్‌జీటీకి రెండింటికీ పోటీపడవచ్చన్న ఆశ ఒకప్పుడు ఉండేది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2018 జూన్‌ 28న ఇచ్చిన నోటిఫికేషన్‌ అందుకు వీలు కల్పించింది. సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న దానిని కొట్టివేసింది. ప్రాథమిక తరగతుల బోధనకు డీఎడ్‌ శిక్షణే తగినదని, బీఎడ్‌ ఆ అర్హత కాదని స్పష్టం చేసింది. తీర్పు నాటికే నియమితులైనవారికి 2024 ఏప్రిల్‌లో రక్షణ లభించింది గాని, కొత్తవారికి ఆ దారి మూసుకుపోయింది.

దీంతో బీఎడ్‌ అభ్యర్థి ఆశలు దాదాపుగా స్కూల్‌ అసిస్టెంట్‌, గురుకులాల్లోని టీజీటీ తరహా పోస్టులకే పరిమితమయ్యాయి. మరోవైపు ఇంటర్మీడియట్‌ తర్వాత రెండేళ్ల డీఎడ్‌ చేసినవారికి ఎస్‌జీటీ పోస్టుల్లో పోటీ కొంత తగ్గింది. ఎస్‌జీటీ తొలి మూల వేతనం స్కూల్‌ అసిస్టెంట్‌ కన్నా ఆంధ్రప్రదేశ్‌లో రూ.11,900 తక్కువ. కానీ డీఎడ్‌ అభ్యర్థి 19, 20 ఏళ్లకే శిక్షణ ముగించుకోగలడు. బీఎడ్‌ అభ్యర్థికి డిగ్రీతో కలిపి ఇంటర్‌ తర్వాత కనీసం ఐదేళ్లు పడుతుంది. ఎస్‌జీటీగా చేరినవారు ఆ తర్వాత డిగ్రీ, బీఎడ్‌ పూర్తిచేసి స్కూల్‌ అసిస్టెంట్‌ పదోన్నతికి అర్హత సాధించే వీలుంది.

కృష్ణా జిల్లా అంగలూరులోని డైట్‌ వంటి ప్రభుత్వ శిక్షణ సంస్థల్లో సీటు దొరికితే డీఎడ్‌ వ్యయం ప్రైవేటు కళాశాలలతో పోలిస్తే చాలా స్వల్పం. ఆర్థికంగా బలహీనమైన కుటుంబానికి ఇది చౌకైన మార్గం. అయితే చిన్న పిల్లలకు అక్షరాలు దిద్దించే ఓపిక, ఆసక్తి లేనివారు చౌకగా ఉందని మాత్రమే ఈ దారి పట్టడం తమకూ, బడికీ మేలు చేయదు.

చేబదులా? బ్యాంకు రుణమా?

చదువుల అప్పులు పల్లెల్లో బ్యాంకు కన్నా చేబదుళ్ల రూపంలోనే ఎక్కువగా పుడతాయి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదిగానే ఉంటుంది. ఏడాదికి అది 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం.

ఫీజు, హాస్టల్‌, రాకపోకలు, పుస్తకాలు, రికార్డులు అన్నీ కలిపి ఒక విద్యార్థికి రెండేళ్లలో రూ.2 లక్షల అప్పు అయిందనుకుందాం. రెండు రూపాయల వడ్డీకి నెలకు రూ.4 వేలు కట్టాలి. ఏడాదికి రూ.48 వేలు. పైన చెప్పిన ప్రైవేటు బడి జీతం రూ.1.20 లక్షల నుంచి దీనిని తీసివేస్తే మిగిలేది రూ.72 వేలు. అంటే నెలకు రూ.6 వేలు. అది తిండికి, బస్సు చార్జీలకు కూడా చాలదు. ఆరేళ్లు డీఎస్సీ కోసం వేచి ఉంటే వడ్డీకే రూ.2.88 లక్షలు పోతాయి. అసలు రూ.2 లక్షలు అలాగే ఉంటాయి.

అదే మొత్తాన్ని బ్యాంకు నుంచి విద్యారుణంగా తీసుకుంటే లెక్క మారుతుంది. కోర్సు కాలం, ఆ తర్వాత మరో ఏడాది వాయిదాలు కట్టనవసరం లేదు. ఈ కాలానికి సాధారణ వడ్డీ మాత్రమే లెక్కిస్తారు. వడ్డీ రేటు 10.5 శాతం అనుకుంటే మూడేళ్లకు గరిష్ఠంగా రూ.63 వేలు. దానిని అసలులో కలిపి ఏడేళ్ల వాయిదాలుగా మార్చితే నెలకు సుమారు రూ.4,430 అవుతుంది. చేబదులుకు కట్టే వడ్డీ కన్నా నాలుగు వందల పైచిలుకు మాత్రమే ఎక్కువ. కానీ ఏడేళ్ల తర్వాత అప్పు పూర్తిగా తీరిపోతుంది. చేబదులు విషయంలో అదే ఏడేళ్లకు రూ.3.36 లక్షల వడ్డీ కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు.

కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షల లోపు ఉండి, కళాశాలకు నాక్‌ గుర్తింపు ఉంటే వృత్తివిద్యా కోర్సుల రుణంపై వాయిదాలు మొదలయ్యేవరకు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. అది వర్తిస్తే నెలసరి వాయిదా దాదాపు రూ.3,370కి దిగుతుంది. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకం కింద రూ.4 లక్షల వరకు విద్యార్థి తన వాటాగా కొంత సొమ్ము పెట్టుకోవాలన్న షరతు లేదు. రూ.7.5 లక్షల వరకు ఆస్తి తనఖా అవసరం లేదు. 2015లో ప్రారంభమైన విద్యాలక్ష్మి పోర్టల్‌ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. కళాశాలకు నాక్‌ గుర్తింపు ఉందా అన్న ఒక్క ప్రశ్నను చేరకముందే అడిగితే వేల రూపాయలు మిగులుతాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌ ఉన్నా నిశ్చింత లేదు

ఫీజు రీయింబర్స్‌మెంట్‌ పథకం పేద విద్యార్థులకు పెద్ద ఆసరా. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ వార్షికాదాయ పరిమితిని 2019లో రూ.2.5 లక్షలకు పెంచారు. కానీ యాజమాన్య కోటా, స్పాట్‌ ప్రవేశాల సీట్లకు ఈ పథకం వర్తించదు. ఎడ్‌సెట్‌లో మంచి ర్యాంకు రాక, ఏడాది వృథా అవుతుందన్న తొందరలో యాజమాన్య కోటాలో చేరినవారు మొత్తం ఫీజు తామే భరించాల్సి వస్తుంది. పథకం వర్తించినవారికీ ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైతే కళాశాలలు ఫీజు ముందుగా కట్టమనడం, కట్టనిదే ధ్రువపత్రాలు ఇవ్వకపోవడం పరిపాటిగా మారింది. డీఎస్సీ దరఖాస్తు గడువు ముంచుకొచ్చే వేళ ధ్రువపత్రాల కోసం అప్పు చేయాల్సి రావడం అభ్యర్థులకు గోరుచుట్టుపై రోకటిపోటే.

ప్రవేశాల జాప్యం మరో నష్టం. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌ ఎడ్‌సెట్‌ జరిగితే ఆ బ్యాచ్‌ కౌన్సెలింగ్‌ 2024 తొలి నెలల వరకు సాగింది. కాగితం మీద రెండేళ్ల కోర్సుకు వాస్తవంలో మూడేళ్లకు దగ్గరగా సమయం పోయింది. 2014 నిబంధనలతో బీఎడ్‌ ఏడాది నుంచి రెండేళ్లకు పెరిగిన సంగతిని దీనికి కలుపుకొంటే, పూర్వపు తరం ఉపాధ్యాయులు చేసిన బీఎడ్‌ లెక్క నేటి పిల్లలకు ఎందుకు సరిపోదో అర్థమవుతుంది.

లెక్కకు రాని ఖర్చు

చదువుకున్న రెండేళ్లలో రాని ఆదాయమూ ఖర్చే. డిగ్రీ పట్టభద్రుడు ఏదో ఒక పనిలో నెలకు రూ.10 వేలు సంపాదించగలడనుకుంటే రెండేళ్లకు రూ.2.40 లక్షలు వదులుకున్నట్లు. కళాశాలకు పోకుండా పట్టా తెచ్చుకోవచ్చని చెప్పే దళారుల మాట నమ్మి ‘నాన్‌ అటెండింగ్‌’ పద్ధతిలో చేరేవారు ఈ నష్టాన్ని తప్పించుకున్నామనుకుంటారు. హాజరు లేని చదువు టెట్‌లో, డీఎస్సీలో అక్కరకు రాదు. తరగతి గదిలో అసలే రాదు.

శిక్షణ తర్వాత కోచింగ్‌ మరో మెట్టు. డీఎస్సీ శిక్షణకు పేరుపడిన అవనిగడ్డకు ప్రకటన వెలువడగానే జిల్లాల నుంచి అభ్యర్థులు తరలివస్తారు. గది అద్దె, మెస్‌, కోచింగ్‌ రుసుము, మెటీరియల్‌ కలిపి ఆరు నెలలకు ఎంత లేదన్నా కొన్ని పదుల వేలు కావాలి. ఈ ఖర్చుకు సాధారణంగా విద్యారుణం దొరకదు. మళ్లీ చేబదులే గతి. పరీక్ష వాయిదా పడితే మరో మూడు నెలల అద్దె. టెట్‌లో కనీస మార్కులు ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40. డీఎస్సీ ర్యాంకులో టెట్‌ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. టెట్‌ ధ్రువపత్రానికి 2021 నుంచి జీవితకాల చెల్లుబాటు కల్పించడం కొంత ఊరట. అందువల్ల ప్రకటన కోసం ఎదురుచూడకుండా, బీఎడ్‌ చదువుతుండగానే టెట్‌లో మంచి మార్కులు సాధించి పెట్టుకోవడం ఖర్చు తగ్గించే మార్గం.

మారుతున్న కోర్సులు

జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఎడ్‌ పాఠశాల ఉపాధ్యాయులకు కనీస అర్హత కావాలి. ఈ కోర్సు 2023-24లో కొన్ని సంస్థల్లో మొదలైంది. వరంగల్‌ ఎన్‌ఐటీ వాటిలో ఒకటి. డిగ్రీ మూడేళ్లు, బీఎడ్‌ రెండేళ్లకు బదులు నాలుగేళ్లలోనే రెండు పట్టాలు చేతికి రావడం వల్ల ఒక ఏడాది ఖర్చు, ఒక ఏడాది కాలం కలిసివస్తాయి. నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ ఉన్నవారికి ఏడాది బీఎడ్‌ను ప్రతిపాదిస్తూ ఎన్‌సీటీఈ 2025 ఫిబ్రవరిలో ముసాయిదా విడుదల చేసింది. ఇంటర్‌ చదువుతూ ఉపాధ్యాయ వృత్తిని కోరుకునేవారు ఈ మార్పులను గమనించి, జాతీయ స్థాయి ప్రవేశ పరీక్షకు సిద్ధం కావడం మంచిది.

రాష్ట్ర డీఎస్సీనే నమ్ముకోవాల్సిన అవసరమూ లేదు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, ఏకలవ్య ఆదర్శ పాఠశాలల్లో బీఎడ్‌ అభ్యర్థులకు అవకాశాలున్నాయి. ఏకలవ్య పాఠశాలల్లో 2023లో పదివేలకు పైగా పోస్టులకు ప్రకటన వచ్చింది. తెలంగాణ గురుకులాల నియామక బోర్డు అదే ఏడాది 9,210 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. వీటికి ఆంగ్లంలో బోధించే సామర్థ్యం, కొన్నింటికి హిందీ పరిజ్ఞానం, దూర ప్రాంతాలకు వెళ్లే సంసిద్ధత కావాలి. ఆ సంసిద్ధత ఉన్న అభ్యర్థి పట్టాకు విలువ ఎక్కువ.

కాగితానికే పరిమితమైన జీవో

ప్రైవేటు బడుల్లో జీతాల అల్పత్వం కుటుంబాలు తమంత తాము సరిదిద్దుకోగల సమస్య కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వెలువడిన జీవో నంబరు 1 ప్రకారం ట్యూషన్‌ ఫీజు రాబడిలో 50 శాతాన్ని సిబ్బంది జీతాలకు వెచ్చించాలి. మరో 15 శాతం భవిష్య నిధి, గ్రాట్యుటీ వంటి ప్రయోజనాలకు కేటాయించాలి. మూడు దశాబ్దాలు గడిచినా ఇది అమలవుతోందా అని పరిశీలించే యంత్రాంగం కనిపించదు. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు ప్రైవేటు ఉపాధ్యాయుల దుస్థితి బయటపడింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు రూ.2 వేలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. బీఎడ్‌ పట్టా ఉన్నవారు రేషన్‌ బియ్యం కోసం వరుసలో నిలబడటం ఆ పట్టా మార్కెట్‌ విలువకు నిలువుటద్దం.

ప్రభుత్వాలు చేయగలిగినవి రెండున్నాయి. ఎడ్‌సెట్‌, డీసెట్‌ కౌన్సెలింగ్‌కు ముందే జిల్లాల వారీగా, సబ్జెక్టుల వారీగా రాబోయే ఐదేళ్ల పదవీ విరమణల అంచనా ప్రకటించడం మొదటిది. ఈ సమాచారం విద్యాశాఖ వద్ద ఉన్నదే. జీవో నంబరు 1 అమలుపై ఏటా తనిఖీ చేసి ఫలితాలు బహిర్గతం చేయడం రెండోది. ఈ రెండూ జరగనంతకాలం ఉపాధ్యాయ విద్య కుటుంబాలకు జూదంగానే మిగులుతుంది.

చేరకముందు వేసుకోవాల్సిన లెక్క

ఈ పరిస్థితుల్లో కుటుంబాలు పాటించదగిన సూత్రం ఒకటే. అప్పు పరిమితిని ప్రభుత్వ జీతాన్ని బట్టి నిర్ణయించరాదు. తమ మండలంలోని ప్రైవేటు బడి ఇచ్చే జీతాన్ని బట్టి నిర్ణయించాలి. అందులో నాలుగో వంతుకు మించి వాయిదా పడే అప్పు చేయరాదు. నెలకు రూ.12 వేల జీతమైతే వాయిదా రూ.3 వేలు దాటకూడదు. ఏడేళ్ల బ్యాంకు వాయిదాల్లో అది దాదాపు రూ.1.75 లక్షల రుణానికి సమానం. రెండు రూపాయల చేబదులైతే రూ.1.50 లక్షలకు వడ్డీతోనే ఆ మూడు వేలు అయిపోతాయి. కోర్సు ఖర్చు ఈ గీత దాటుతుంటే ప్రభుత్వ కళాశాలలో సీటు కోసం మరో ఏడాది ప్రయత్నించడం, ఇంటి నుంచి వెళ్లివచ్చే దూరంలోని కళాశాలను ఎంచుకోవడం, ఇంటర్‌ స్థాయిలో ఉన్నవారైతే డైట్‌ వైపు చూడటం మేలు.

ఎన్ని డీఎస్సీల వరకు ప్రయత్నించాలన్నదీ ముందే నిర్ణయించుకోవాలి. 2025 మెగా డీఎస్సీలో జనరల్‌ అభ్యర్థులకు 44 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 49 ఏళ్ల వయోపరిమితి ఇచ్చారు. ఇది కొందరికి వరమే గాని, 40 ఏళ్లు దాటేవరకు మరో పని చేయకుండా ఎదురుచూసేందుకు అనుమతి కాదు. బోధన మీద నిజమైన ఇష్టం ఉన్నవారు ప్రైవేటు బడిలో పనిచేస్తూ, ట్యూషన్లు చెబుతూ, అప్పు తీరుస్తూ పోటీలో నిలబడగలరు. ఉద్యోగం మీదే తప్ప బోధన మీద ఇష్టం లేనివారికి ఆ నిరీక్షణ భారమవుతుంది. బీఎడ్‌ దరఖాస్తు నింపేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితం మీద ఫీజు, వడ్డీ, ప్రైవేటు జీతం, గత రెండు డీఎస్సీల్లో తమ జిల్లా సబ్జెక్టు పోస్టులు రాసుకుంటే, చేరాలో వద్దో ఆ అంకెలే చెబుతాయి.